క్లాసికల్ స్కూల్లో హైస్కూల్ లెక్కలు: యూక్లిడ్ పెట్టాలా, శాక్సన్ పెట్టాలా, మామూలు దారే మంచిదా?

టెక్సస్‌లో ఇంకో ఊళ్లో ఉండే మా తమ్ముడి వరస కుర్రాడు పోయిన నెల ఫోన్ చేశాడు. వాళ్ల పిల్లలు చదివే క్లాసికల్ స్కూల్ ఇన్నాళ్లూ ఎనిమిదో తరగతి దాకానే ఉండేది, ఇప్పుడు హైస్కూల్ మొదలుపెడుతున్నారు. ఇంజినీరు, పైగా ఇండియా నుంచి వచ్చాడు, లెక్కలు బాగా వచ్చే ఉంటాయని వీణ్ణి లెక్కల కమిటీలో వేశారు.

"అన్నా, ఏ పుస్తకం కొనమంటావ్?"

"పుస్తకం సంగతి తర్వాత. జామెట్రీ ఎవరు చెప్తారు?"

"ఇంకా ఎవర్నీ తీసుకోలేదు. పుస్తకం ఖాయమయ్యాక తీసుకుంటారట."

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది. నేను ఇలాంటి బడిలోనే తొమ్మిదేళ్లుగా లెక్కలు చెప్తున్నాను. ఆ రాత్రి వాడితో గంటన్నర మాట్లాడిన మాటలు, ఇదే చిక్కులో ఉన్న మిగతావాళ్లకీ పనికొస్తాయేమోనని ఇక్కడ రాస్తున్నా.

## ముందు ఏం చూసుకోవాలి

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. క్లాసికల్ స్కూల్ అంటే లాటిన్, లాజిక్, రెటరిక్, పాత గ్రంథాలు చదివించే బడి. పాత యూరప్ చదువులో మొదట వ్యాకరణం, తర్కం, వాక్పటిమ ఉండేవి. ఆ మూడింటినీ కలిపి ట్రివియం అనేవారు. తర్వాత అంకగణితం, రేఖాగణితం, సంగీతం, ఖగోళం. ఈ నాలుగూ క్వాడ్రివియం. ఈ కాలపు క్లాసికల్ బడులకు ఊపిరి పోసింది 1947లో ఇంగ్లీషు రచయిత్రి డొరొతీ సేయర్స్ ఆక్స్‌ఫర్డ్‌లో చేసిన ప్రసంగం. అది చాలావరకు ట్రివియం చుట్టూనే తిరుగుతుంది. దాని ఫలితమేనేమో, చాలా బడుల్లో లాటిన్ ఎందుకు చెప్తున్నారో అడిగితే గంటసేపు చెప్తారు, లెక్కలు ఎందుకు ఇలా చెప్తున్నారంటే మాత్రం "అందరూ చెప్పినట్టే" అంటారు.

కాబట్టి పుస్తకాల క్యాటలాగ్ తెరవకముందు ఈ ప్రశ్నలకు జవాబు రాసుకోండి.

నిరూపణ ఎక్కడ ఉంటుంది? పిల్లవాడు "ఇది ఎందుకు నిజం" అని తన మాటల్లో, పూర్తి వాక్యాల్లో రాసే చోటు నాలుగేళ్లలో ఎక్కడో ఒకచోట ఉండాలి. అది లేకపోతే మిగతా బడులకూ మీ బడికీ లెక్కల్లో తేడా యూనిఫాం మాత్రమే.

చెప్పేదెవరు? దీని గురించి కింద చాలాసార్లు వస్తుంది.

ఆల్జీబ్రా మీద చెయ్యి ఎంత తిరిగింది? కాలేజీ ప్రవేశానికి రాసే డిజిటల్ శాట్ పరీక్ష లెక్కల్లో 44 ప్రశ్నలు, 70 నిమిషాలు. అందులో ఆల్జీబ్రా, దాని పైమెట్టు కలిపి దాదాపు 70 శాతం. జామెట్రీ, ట్రిగనామెట్రీ రెండూ కలిపి 15 శాతమే, అంటే ఐదు నుంచి ఏడు ప్రశ్నలు. పాత గ్రీకు గణితవేత్త యూక్లిడ్ జామెట్రీ గ్రంథం మీద ఏడాది పెడితే శాట్‌లో నేరుగా వచ్చే లాభం ఇంతే. ఇది తెలిసే దిగాలి.

బడి చార్టరా, ప్రైవేటా? అరిజోనా, టెక్సస్‌లలో ఉన్న గ్రేట్ హార్ట్స్ లాంటివి చార్టర్ స్కూళ్లు. ఫీజు ఉండదు, పబ్లిక్ స్కూల్ కిందే లెక్క. టెక్సస్‌లో చార్టర్ అయితే ఆల్జీబ్రా 1 చివర స్టార్ అనే రాష్ట్ర పరీక్ష రాయించాలి. ప్రైవేటు బడికి ఆ బెడద లేదు. ప్రైవేటువాళ్లకు చేతులు ఎక్కువ ఖాళీగా ఉంటాయి, చేతిలో డబ్బులు తక్కువ ఉంటాయి.

మధ్యలో వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ ఎంతమంది? హెచ్1బీ మీద ఉన్న కుటుంబాలు ఎక్కువున్న ఊళ్లో ఇది చిన్న ప్రశ్న కాదు. ఉద్యోగం మారితే పిల్లవాడు అక్టోబర్లో ఇంకో రాష్ట్రం బడిలో ఉంటాడు. వాడి ట్రాన్స్‌క్రిప్ట్ చూసి అక్కడివాళ్లకు అర్థం కావాలి.

## ఒకటో దారి: మామూలు మెట్లు

ఆల్జీబ్రా 1, జామెట్రీ, ఆల్జీబ్రా 2, ప్రీకాలిక్యులస్. ఆల్జీబ్రా 1 ఎనిమిదిలోనే అయిపోతే పన్నెండులో కాలిక్యులస్. అమెరికాలో ఏ బడికి వెళ్లినా అర్థమయ్యే దారి ఇదే, టీచర్లు దొరికే దారీ ఇదే.

దీంట్లో లోపం జామెట్రీ ఏడాదిలో బయటపడుతుంది. చాలా పుస్తకాల్లో నిరూపణ అంటే రెండు నిలువు గడులు. ఎడమవైపు వాక్యం, కుడివైపు కారణం. అందులోనూ సగం ముందే అచ్చువేసి ఉంటాయి, పిల్లలు ఖాళీలు నింపుతారు. పక్క గదిలో రెటరిక్ టీచరు మూడు పేజీల వాదన రాయమంటుంటే, మన గదిలో ఖాళీలు పూరించమంటున్నాం.

ఈ దారిలోనే ఉంటూ ఆ లోపం పూడ్చుకోవచ్చు. హెరాల్డ్ జేకబ్స్ జామెట్రీ పుస్తకం 1974లో మొదటిసారి వచ్చింది, 2003లో మూడో ఎడిషన్. క్లాసికల్ బడుల్లో చాలామందికి ఇది ఇష్టం, నాక్కూడా. సూటిగా చెప్తుంది, బొమ్మలు బాగుంటాయి, నిరూపణను దాటేయదు. కొత్త టీచర్ చేతిలో పెట్టినా బండి నడుస్తుంది.

## రెండో దారి: యూక్లిడ్

యూక్లిడ్ ఎలిమెంట్స్ 13 పుస్తకాలు, మొత్తం 465 ప్రపోజిషన్లు, అంటే ఒక్కొక్కటిగా నిరూపించే ప్రతిపాదనలు. హైస్కూల్‌కి పనికొచ్చేది మొదటి ఆరు. అనాపొలిస్‌లో, శాంటా ఫేలో ఉన్న సెయింట్ జాన్స్ కాలేజీలో మొదటి ఏడాది లెక్కలంటే ఇదే. క్లాసికల్ బడుల మీటింగుల్లో లింకన్ కథ తప్పకుండా వస్తుంది: యూక్లిడ్ ఆరు పుస్తకాలూ దాదాపు సాధించానని 1860లో తన గురించి తనే రాసుకున్నాడు. నిజమే. ఆయనకు శాట్ లేదు.

నేను యూక్లిడ్ పక్షమే. ఎందుకో ఒక రోజు సంగతి చెప్తాను. మొట్టమొదటి ప్రపోజిషన్: ఇచ్చిన గీత మీద సమబాహు త్రిభుజం కట్టడం. గీత ఒక కొసన కాంపస్ ముల్లు పెట్టి, గీత పొడవే వ్యాసార్ధంగా వృత్తం గీస్తాం. రెండో కొస నుంచి ఇంకో వృత్తం. అవి కలిసిన చోటు నుంచి రెండు కొసలకూ గీతలు కలిపితే త్రిభుజం వచ్చేస్తుంది. బోర్డు మీద గీసి, చేతులు దులుపుకుని తిరిగాను. వెనక వరసలో ఒకమ్మాయి చెయ్యెత్తింది.

"సర్, ఆ రెండు వృత్తాలూ కలుస్తాయని మనకెలా తెలుసు?"

"బొమ్మలో కనిపిస్తోంది కదమ్మా."

"బొమ్మని నమ్మొద్దని నిన్న మీరే చెప్పారు."

ఆ అమ్మాయి పట్టుకున్నది నిజంగా ఉన్న లోపమే. యూక్లిడ్ నిరూపణ లేకుండా ఒప్పుకోమన్న ఐదు పాస్చులేట్లలో వృత్తాలు కలుస్తాయని ఎక్కడా లేదు. ఇలాంటి ఖాళీలన్నీ పూడ్చి జామెట్రీకి కొత్త పునాది వేసింది జర్మన్ గణితవేత్త హిల్బర్ట్, 1899లో. పద్నాలుగేళ్ల పిల్ల రెండోరోజే అక్కడికి వెళ్లింది. ఖాళీలు నింపే పుస్తకంతో ఆ ప్రశ్న రాదు. ఆ ప్రశ్న వచ్చినప్పుడు "అది పరీక్షలో రాదు, కూర్చో" అనే టీచర్ ఉంటే యూక్లిడ్ పెట్టీ దండగే.

ఇప్పుడు కష్టాలు. మొదటి ఆరు పుస్తకాల ప్రపోజిషన్లు లెక్కేయండి: 48, 14, 37, 16, 25, 33. మొత్తం 173. బడి రోజులు 175 నుంచి 180. రోజుకొకటి, లెక్క సరిపోయిందని కాగితం మీద అనిపిస్తుంది. సరిపోదు. పిల్లలు ఒక్కొక్కరుగా బోర్డు దగ్గరికొచ్చి చూడకుండా నిరూపించాలి, తప్పు చేస్తే మర్నాడు మళ్లీ రావాలి. ఐదో ప్రపోజిషన్ దగ్గరే మూడు రోజులు పోతాయి. దానికి 'పాన్స్ అసినోరమ్', గాడిదల వంతెన అని పాత పేరు. లాటిన్ చదివే పిల్లలు కాబట్టి అర్థం నేను చెప్పక్కర్లేదు, వంతెన మీద ఆగిపోయినవాణ్ణి వాళ్లే ఏడిపిస్తారు. ఇక ఐదో పుస్తకంలోని నిష్పత్తుల సిద్ధాంతం ఈ వయసుకు కొరుకుడు పడదు. నేను వదిలేస్తాను.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. ఒక ఏడాది ఉత్సాహం కొద్దీ మొత్తం యూక్లిడే నడిపాను, ఆల్జీబ్రా ముట్టుకోలేదు. మే నెలలో పైథాగరస్ నిరూపణ, అదే మొదటి పుస్తకంలో 47వది, కళ్లు మూసుకుని చెప్పిన పిల్లవాడు ఆగస్టులో ఆల్జీబ్రా 2 గదిలో ఎక్స్ వర్గం మైనస్ 5ఎక్స్ ప్లస్ 6 ముందు పెన్సిల్ నములుతూ కూర్చున్నాడు. వాడొక్కడే కాదు, సగం క్లాసు. ఆ రెండు నెలలు నాకు ఎంత టెన్షనో చెప్పలేను. అప్పటినుంచి జామెట్రీ ఏడాదిలో శుక్రవారం ఆల్జీబ్రాదే. సెలవొచ్చినా ఫీల్డ్ ట్రిప్పొచ్చినా ఆ క్లాసు గురువారానికి జరుగుతుంది గానీ పోదు.

"అంతా గ్రీకులదేనా, మనవాళ్లది లేదా?" అని తెలుగు తల్లిదండ్రులు అడుగుతుంటారు. అడగాల్సిందే. మూడో పుస్తకంలో వృత్తంలో ఇమిడిన చతుర్భుజం ఎదురెదురు కోణాల మొత్తం రెండు లంబకోణాలని వస్తుంది. ఆ మర్నాడు నేను బ్రహ్మగుప్తుడి వైశాల్య సూత్రం చెప్తాను, 628 నాటిది. అలాంటి చతుర్భుజానికి నాలుగు భుజాలిస్తే చాలు, వైశాల్యం వచ్చేస్తుంది. ఆయన సూత్రం ఇచ్చాడు, నిరూపణ ఇవ్వలేదు. రెండు సంప్రదాయాలు పక్కపక్కన పెడితే పిల్లలకు రెండూ బాగా తెలుస్తాయి. మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని 11వ శతాబ్దంలోనే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడని ఇంట్లో చెప్పుకోండి. అది బడి పని కాదు, మన పని.

## మూడో దారి: శాక్సన్

జాన్ శాక్సన్ వైమానిక దళంలో పనిచేసి రిటైరై ఓక్లహోమాలో కాలేజీ పిల్లలకు ఆల్జీబ్రా చెప్పాడు. చెప్పింది నెల తిరక్కుండా మరిచిపోతున్నారని చూసి తనే పుస్తకం రాశాడు. ప్రతి పాఠంలో కొత్త ముక్క చిన్నది. దాని కింద ముప్పై దాకా లెక్కలు, వాటిలో ఎక్కువ పాతవే. మన ఊళ్లో ఎక్కాలు రోజూ అప్పజెప్పించుకున్నట్టు, దేన్నీ తుప్పు పట్టనివ్వదు.

ఆల్జీబ్రా పట్టు విషయంలో దీన్ని మించింది లేదు. హోమ్‌స్కూల్ ఇళ్లలో, లెక్కల డిగ్రీ లేని టీచర్ ఉన్న చిన్న బడుల్లో ఇది ప్రాణం నిలబెడుతుంది. కానీ "సరి సంఖ్యలవి వదిలేయండి, బేసివి చేయండి" అన్నారంటే పద్ధతే కూలిపోతుంది. ఏ పాత పాఠం మళ్లీ ఏ నంబర్లో వస్తుందో లెక్క చూసి పెట్టారు. ముప్పైకి ముప్పై చేయించే ఓపిక లేకపోతే కొనకండి.

పాత ఎడిషన్లలో జామెట్రీకి విడి పుస్తకం లేదు, ఆల్జీబ్రా పుస్తకాల్లోనే ముక్కలు ముక్కలుగా వస్తుంది. నాలుగో ఎడిషన్లో విడదీశారు. పాతవి వాడే బడి నుంచి పిల్లవాడు మధ్యలో మారితే జామెట్రీ అయిందా, సగమే అయిందా అని కొత్త బడి తల పట్టుకుంటుంది. నిరూపణ విషయానికొస్తే, ముక్కలుగా వచ్చే జామెట్రీలో ఒకదాని మీద ఒకటి కట్టుకుంటూ పోయే ఆ మేడ పిల్లలకు కనిపించదు. క్లాసికల్ బడిలో శాక్సన్ పెట్టడానికి నా అభ్యంతరం అదొక్కటే, కానీ అది చిన్నది కాదు.

## నాలుగో దారి: ఆర్ట్ ఆఫ్ ప్రాబ్లమ్ సాల్వింగ్

మన తెలుగిళ్లలో ఏఓపీఎస్ అంటే తెలియనివాళ్లు తక్కువ. పాఠానికి ముందే లెక్కలు ఇస్తుంది. పిల్లవాడు తంటాలు పడ్డాక, ఆ సాధనలోంచే సిద్ధాంతం చెప్తుంది. పోటీ పరీక్షలకు, ముఖ్యంగా 75 నిమిషాల్లో 25 లెక్కలు చేయాల్సిన, అమెరికా స్కూలు పిల్లల లెక్కల పోటీ ఏఎంసీ 10 లాంటివాటికి, ఇది బంగారం.

క్లాసు మొత్తానికి పెట్టమంటే మాత్రం వద్దంటాను. పద్నాలుగు మంది గదిలో ముగ్గురు ఎగురుతారు, నలుగురు ఈదుతారు, మిగతావాళ్లు తమకు లెక్కలు రావని తేల్చేసుకుంటారు. లైబ్రరీలో రెండు సెట్లు పెట్టి, బడి అయ్యాక మ్యాథ్ క్లబ్ నడపండి.

ఇంటిగ్రేటెడ్ మ్యాథ్ 1, 2, 3 అని ఇంకో వరస ఉంది. జామెట్రీని మూడేళ్లకు పంచేస్తుంది. జామెట్రీ ఏడాదే మీ బడికి గుండెకాయ అనుకుంటే దాని గురించి ఆలోచించే పని లేదు.

## ఒకచోట పెడితే

| | మామూలు మెట్లు (జేకబ్స్‌తో) | యూక్లిడ్ | శాక్సన్ | ఏఓపీఎస్ |
|---|---|---|---|---|
| నిరూపణ | బాగానే | దీన్ని మించింది లేదు | చెదురుమదురు | బాగుంది, కానీ తెలివైనవాళ్లకే |
| ఆల్జీబ్రా పట్టు | టీచర్ని బట్టి | విడిగా చూసుకోవాలి | చాలా గట్టిది | లోతు ఉంది, సాధన తక్కువ |
| టీచర్ | మామూలు లెక్కల టీచర్ చాలు | తనకు ఇష్టమై చెప్పేవాళ్లు ఉండాలి | ఓపిక ఉన్నవాళ్లు చాలు | లెక్కల్లో ఆరితేరినవాళ్లు |
| మధ్యలో చేరేవాళ్లకు | తేలిక | ఆగస్టు దాటితే కష్టం | తేలికే | కష్టం |
| ట్రాన్స్‌క్రిప్ట్ | పేచీ లేదు | 'జామెట్రీ' అని రాస్తే పేచీ లేదు | పాత ఎడిషన్‌తో పేచీ | పేచీ లేదు |

## ఎవరికి ఏది

మా తమ్ముడికి చెప్పింది ఇది. జామెట్రీకి మంచి టీచర్ దొరికితే ఆగస్టు నుంచి డిసెంబర్ దాకా యూక్లిడ్ మొదటి పుస్తకం ఒక్కటే, 48 ప్రపోజిషన్లు. శుక్రవారాలు, సెలవులు తీసేస్తే అరవై ఐదు రోజులు చేతికొస్తాయి, తొందర లేకుండా సరిపోతుంది. జనవరి నుంచి జేకబ్స్ లాంటి పుస్తకంతో సరూప త్రిభుజాలు, వృత్తాలు, నిరూపక జ్యామితి, ఘనపరిమాణాలు, ట్రిగనామెట్రీ మొదటి మెట్టు. తొమ్మిదిలో, పదకొండులో మామూలు ఆల్జీబ్రా పుస్తకాలే. అలాంటి టీచర్ దొరక్కపోతే ఏడాదంతా జేకబ్స్. యూక్లిడ్ కోసం ఒకటి రెండేళ్లు ఆగండి, ఆయన రెండు వేల ఏళ్లకు పైగా ఆగాడు.

లెక్కల డిగ్రీ ఉన్నవాళ్లు ఒక్కరూ లేని బడి అయితే శాక్సన్ తీసుకోవడంలో నామోషీ ఏమీ లేదు. చేతగాని యూక్లిడ్ కన్నా శ్రద్ధగా చేయించిన శాక్సన్ ఎన్నో రెట్లు నయం.

ఇంక మనవాళ్ల అసలు గొడవ. "మేం ఇంటర్ ఫస్టియర్ 1బీలోనే డెరివేటివ్‌లు చేశాం. మావాడు పదకొండులో ఏపీ కాలిక్యులస్ బీసీ రాయొద్దా?" ఏపీ అంటే ఇక్కడ ఆంధ్రప్రదేశ్ కాదు, హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. రాయొచ్చు. ఆల్జీబ్రా 1 ఏడులో పూర్తయి, నిజంగా వచ్చి ఉంటే పదకొండులో కాలిక్యులస్ అందుతుంది. కానీ ఆ వరసలో జామెట్రీ ఎనిమిదిలోనే పడుతుంది, కొందరైతే దాన్ని వేసవిలో ఆన్‌లైన్లో ఆరు వారాల్లో మింగించేస్తున్నారు. క్లాసికల్ స్కూల్లో చేర్పించి, ఆ బడి లెక్కల్లో ఇవ్వగలిగిన ఒక్క మంచి ఏడాదినీ వేసవిలో కానిచ్చేస్తే ఆ బడి దేనికి? దానికి పక్కనున్న పెద్ద పబ్లిక్ స్కూలే మంచిది, ఏపీ క్లాసులు అక్కడే ఎక్కువ. ఇది కోపంతో అనడం లేదు. ఇంజినీరింగే గురి అయితే అలా తీసుకెళ్లమని ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులకు నేనే చెప్పాను.

రోజూ వర్క్‌షీట్లు చేయించే కుమాన్ ట్యూషన్ల నుంచి వచ్చిన పిల్లల సంగతి వేరు. చెయ్యి చాలా వేగం, నోరు పెగలదు. ఎందుకలా చేశావంటే "అలాగే చేయాలి కదా" అంటారు. వీళ్లకు యూక్లిడ్ మొదటి నెల నరకంగా ఉంటుంది, ఎందుకంటే చేయడానికి అంకెలే ఉండవు. ఇళ్ల నుంచి ఈమెయిళ్లు వస్తాయి. అక్టోబర్ దాకా ఓపిక పట్టమని ముందే మీటింగ్ పెట్టి చెప్పండి.

పరీక్షల గురించి ఒక్క ముక్క. క్లాసికల్ బడులు ఇష్టపడే సీఎల్‌టీని, అంటే శాట్‌కి బదులుగా రాసే క్లాసిక్ లెర్నింగ్ టెస్ట్‌ని, ఫ్లోరిడా పబ్లిక్ యూనివర్సిటీలు 2023 నుంచి తీసుకుంటున్నాయి. దాని లెక్కల భాగంలో 40 ప్రశ్నలు, కాలిక్యులేటర్ లేదు. శాట్‌లో గ్రాఫులు గీసే డెస్మోస్ కాలిక్యులేటర్ తెర మీదే ఉంటుంది. పదో తరగతి దాకా కాలిక్యులేటర్ ఇవ్వకండి, పదకొండులో డెస్మోస్ నేర్పించండి. రెండు వారాల్లో వచ్చేస్తుంది.

టీచర్ని ఎంచుకునేటప్పుడు డిగ్రీలు చూశాక, ఆ మొదటి ప్రపోజిషన్ బోర్డు మీద చేయమనండి. అయ్యాక, రెండు వృత్తాలు కలుస్తాయని ఎలా తెలుసని అడగండి. జవాబు తెలియకపోయినా పర్వాలేదు. ప్రశ్న విని ముఖం వెలిగిందా, చిరాకు పడిందా చూడండి.

కాంపస్‌లు మాత్రం చవకవి కొనకండి. మన చిన్నప్పటి రేకు డబ్బాల్లో వచ్చే రకం సగం వృత్తం గీసేసరికి కాళ్లు చాపేస్తుంది, మొదలుపెట్టిన చోటికి గీత రాదు. మధ్యలో తిప్పే మర ఉన్నవి తీసుకోండి. వైట్‌బోర్డుకు జారని పెద్దది ఒకటి, దానికి సరిపడే మార్కర్లు ఒక డజను.